గుప్పెడు మైనం

ఉదయం పదీ యాభైకి వెండి పళ్లెం ఖాళీగా కనిపించింది.

పళ్లెంలో తమలపాకులున్నాయి. ఆకుల మీద కుంకుమ ఉంది. కుంకుమ మీద ఉండాల్సిన ఒంటిరాయి వజ్రపుటుంగరం లేదు.

సబ్‌ఇన్‌స్పెక్టరు దైవాధీనం పళ్లేన్ని చూశాడు. తర్వాత దాని చుట్టూ మూగిన నలభై మంది పెద్దమనుషుల్ని చూశాడు. పళ్లెమే నయమనిపించింది. అది కనీసం మాట్లాడటం లేదు.

1927 డిసెంబరు. చింతపల్లికి రెండు మైళ్ల అవతల, కలప కాంట్రాక్టరు సర్వేశ్వరరావు కట్టించుకున్న బంగళా. ఆయన కిందటి చలికాలం మద్రాసు వెళ్లాడు. అక్కడ ఒక హాల్లో పొద్దుట మొదలుపెట్టి సాయంత్రం దాకా కచేరీ మీద కచేరీ జరగడం చూశాడు. అందులో ఆయనకు అర్థమైనది ఒక్కటే, బయట నిలబడ్డ మోటారు కార్ల సంఖ్య. తిరిగొచ్చి, మన కొండల్లో కూడా ఒక మద్రాసు పెడతానన్నాడు. ఏజెన్సీ దొరని ముందు కుర్చీలో కూర్చోబెడితే కొత్త సంవత్సరానికి పేరు ముందు ఏదో ఒక బిరుదు తగిలించుకోవచ్చని ఆయన ఆశ.

ఘాట్ రోడ్డు మీద ఎడ్లబళ్లలో షామియానా ఎక్కింది. కుర్చీలెక్కాయి. సోడా బుడ్లెక్కాయి. నర్సీపట్నం నుంచి, విశాఖపట్నం నుంచి రసికులు కూడా ఎక్కారు. ఎక్కడ తల ఊపాలో తెలిసినవాడు వాళ్లలో ఒక్కడూ లేడు. అందుకని అందరూ అన్నిచోట్లా ఊపుతున్నారు.

రోజు మొత్తం మీద మేటి అనిపించుకున్న విద్వాంసుడికి దొర చేతుల మీదుగా ఆ ఉంగరం తొడగాలి. ఎనిమిది నుంచి పది దాకా విజయనగరం వీణ కూర్మనాథశాస్త్రి కచేరీ. పదకొండుకి మద్రాసు భాగవతుల గాత్రం. మధ్యలో టిఫిను. ఆ టిఫిను వేళే ఉంగరం పోయింది.

"వేదిక దగ్గర కాపలా ఉండాలి కదా?" అని దైవాధీనం అడిగాడు.

"ఉన్నానండి. పదింపావుకి దొరబాబుకి ఎండ తగుల్తంది, గొడుగట్టమని రావుబాబే పంపించినారు," అన్నాడు కానిస్టేబులు భీమన్న.

సర్వేశ్వరరావు మొహం తిప్పుకున్నాడు. డిసెంబరులో, చింతపల్లి చలిలో, పది గంటల ఎండ. దైవాధీనం నోట్‌బుక్కులో ఆ ముక్క కూడా రాసుకున్నాడు.

టిఫిను డేరాలోకి రానివాళ్లెవరు? లెక్క తేలడానికి పది నిమిషాలు పట్టింది. ముగ్గురు. భాగవతులు తన గదిలో గొంతుకు మిరియాల కషాయం తాగుతున్నాడు, పక్కన ఇద్దరు శిష్యులున్నారు. శాస్త్రి బయటి వంట ముట్టడు, తన గదిలో తలుపేసుకుని జపం చేసుకుంటున్నాడు. మూడోవాడు వంటింటి వెనక తేనె దింపడానికి వచ్చిన కొండమనిషి సోంబరు.

మూడో పేరు వినగానే నలభై మందీ ఊపిరి పీల్చుకున్నారు. ఇంక ఆలోచించే పని లేదు.

పదకొండూ పదికి భీమన్న పరిగెత్తుకొచ్చాడు. పెరటి మెట్ల మీద సోంబరు గంప ఉంది. అందులో తేనె పిండేసిన మైనం ముద్ద. ముద్ద పక్కన ఆకుల కింద ఉంగరం. బంగారం మాత్రమే. రాయి లేదు.

దైవాధీనం స్వయంగా గంపలో చెయ్యి పెట్టి కలియబెట్టాడు. రాయి దొరకలేదు. చేతి నిండా చీమలు పాకాయి. విసుక్కుంటూ దులుపుకున్నాడు.

అప్పటికే సర్వేశ్వరరావు మనుషులు సోంబరుని షామియానా గుంజకు కట్టేశారు. పెదవి చిట్లి ఉంది. నలభై ఏళ్లుంటాయి, పొట్టిగా, గట్టిగా ఉన్నాడు.

"రాయి ఎక్కడ?"

"నానెరగను బాబూ."

"గంప నీదేనా?"

"నాదే."

"టిఫిను వేళ గంప దగ్గరే ఉన్నావా?"

"నేదు. వంటాయన గెడ్డకెల్లి నీలట్టుకు రమ్మన్నాడు. మూడు కావిళ్లు మోసినాను. నానొచ్చీసరికి నా మైనం తరిగిపోనాది బాబూ. గుప్పెడు ముద్ద ఎవులో గిల్లీసినారు."

షామియానా అంతా ఘొల్లున నవ్వింది. వజ్రం పోయిందిరా అంటే మైనం పోయిందంటాడేమిటని ఒక ప్లీడరు పొట్ట పట్టుకున్నాడు. ఆ మాట పక్క వరసకు, ఆ వరస నుంచి వెనక్కి పాకింది. దొరకి ఎవరో ఇంగ్లీషులో చెప్పారు. దొర కూడా చిరునవ్వు నవ్వాడు.

దైవాధీనం కూడా నవ్వాడు.

పోలీసు పద్ధతి ప్రకారం సోదా జరిగింది. సోంబరుని వెతికారు. గుంజ పక్కన నేల మీద కూలబడి ఉన్న అతని పెళ్లాం యర్రమ్మని వంటావిడ చేత వెతికించారు. పెద్దమనుషుల జేబులు వెతుకుతామంటే మొహాలు మాడ్చుకున్నారు గాని, దొర ముందుగా తన జేబులు తిరగేసి చూపించేసరికి తప్పలేదు. మృదంగం ఊపి చూశారు. తంబూరా బుర్రలోకి దీపం పెట్టి చూశారు. గదులు వెతికారు.

శాస్త్రి గదిలో వీణని దైవాధీనం తనే ఎత్తి చూశాడు. బుర్రలో ఏమీ లేదు. మంచం మీద మడత పెట్టిన శాలువా, జపమాల, ఒక దీపపు సెమ్మె. శాస్త్రి ఎర్రగా, ఎత్తుగా, చెవులకు కుండలాలతో నిలబడి, తన వీణ మీద ఆ చేతులు పడుతుంటే ముక్కు చిట్లించుకుని చూస్తున్నాడు.

"పదింపావు తర్వాత ఎక్కడున్నారండీ?"

"ఇక్కడే. జపం."

"వీణ ముట్టుకున్నారా?"

"జపం చేసేవాడు వీణెందుకు ముట్టుకుంటాడు?"

"పెరటి వైపు వెళ్లారా?"

"వంటవాళ్లూ కొండవాళ్లూ తిరిగే చోటికి నేనెందుకెళ్తాను?"

"సోంబరుని చూశారా?"

"వాడి పేరు కూడా ఇప్పుడు నీ నోటనే వింటున్నాను." శాస్త్రి శాలువా సర్దుకున్నాడు. "నువ్వు మిషను వాడివనుకుంటాను. పెట్టె వాయించుకుని పాడుకుంటారు కదూ. వీణని అలా మూటలా ఎత్తకూడదు. దించు."

దైవాధీనం దించాడు.

అనాలంటే చాలా ఉంది. అతని తండ్రి మిషను బడిలో ఉపదేశి. దైవాధీనం పన్నెండో ఏట విజయనగరంలో ఒక ఫిడేలు పంతులు దగ్గర నాలుగేళ్లు సంగీతం నేర్చుకున్నాడు. మిగతా పిల్లలు అరుగు మీద, అతను అరుగు కింద. వానొస్తే పిల్లలు లోపలికి వెళ్లేవాళ్లు, అతను చూరు కింద నిలబడి పాఠం వినేవాడు. ఆ నాలుగేళ్లలో సంగీతమూ వచ్చింది, సంగీతం చుట్టూ ఉండే మనుషులంటే ఏవగింపూ వచ్చింది. రెండూ ఇప్పటికీ పోలేదు.

కచేరీ ఆపాలన్నాడు దైవాధీనం. ఆపడం కుదరదన్నాడు సర్వేశ్వరరావు. మద్రాసులో అయితే ఆపేవారా అని అడిగాడు. దొంగ దొరికాడు, రాయి వాడి కడుపులో ఉందో కంపలో ఉందో పోలీసులు కక్కిస్తారు, దాని కోసం భాగవతుల పాట పాడుచేసుకుంటామా అన్నాడు. దొర గడియారం చూసుకుని తీర్పు చెప్పేశాడు. సరిగ్గా అయిదింటికి తన కారు బయల్దేరుతుంది. వెనక లారీలో కొండమనిషిని కిందికి పంపాలి. గంపలో సొత్తు దొరికింది కాబట్టి కేసుకి ఢోకా లేదు.

పన్నెండుకి భాగవతులు అందుకున్నాడు. సర్వేశ్వరరావు పేరు చొప్పించిన కొత్త శ్లోకం ఒకటి ముందుగా పాడాడు. సర్వేశ్వరరావు కళ్లు తుడుచుకున్నాడు.

గుంజకు కట్టిన మనిషి గంటన్నర పాటు ఆ పాటంతా విన్నాడు. నీళ్లిచ్చినవాడు లేడు. ఒంటిగంటన్నరకు, వాళ్లంతా విందుకి లేచాక, దైవాధీనం చెంబుతో నీళ్లు తెచ్చి యర్రమ్మ చేతికిచ్చాడు.

ఆమె మొగుడికి తాగించింది. తర్వాత చెంబు అతని ముందు పెట్టి, లేచి నిలబడింది.

"బాబూ, పితూరీ అయినకాడి నుంచి మా ఊరోలు ముగ్గుర్ని కిందకి దింపినారు. ఒక్కడూ పైకి రానేదు. ఈడ్నీ అట్టుకుపోతే నానింక ఈడి మొకం సూడను. కొట్టాలంటే ఇక్కడే కొట్టండి. కిందకి దింపకండి."

చట్టం, కోర్టు, విచారణ అని ఏదో చెప్పబోయాడు దైవాధీనం. ఆమె కళ్లలోకి చూసి మానేశాడు. కొండల్లో తిరుగుబాటు అణిగి మూడేళ్లు దాటింది. కొండమనిషి గంపలో ఏది దొరికినా దొంగసొత్తే. గంపలో ఎవరు వేశారని అడిగే మేజిస్ట్రేటు కింద ఎక్కడున్నాడో అతనికీ తెలియదు.

"సోంబరూ, మైనం పోయిందన్నావే. అది నిజమేనా?"

"సంతలో ఉప్పుకి ఇత్తాను బాబూ దాన్ని. సేత్తో ఒత్తి ఒత్తి ముద్ద సేసినాను. నా ముద్ద నానెరగనా? తేనింకా పూర్తిగా పోనేదు, రేపు మల్లీ మరగబెట్టాల. ఈలోగా ఎవులో గిల్లీసినారు. ఏళ్ల గుర్తులున్నాయి, సూడు."

దైవాధీనం వెళ్లి గంప చూశాడు. నిజమే. ముద్దకి ఒక పక్క నాలుగు వేళ్లు దిగిన గుంట ఉంది. వేళ్ల గుర్తులు సన్నగా, పొడుగ్గా ఉన్నాయి. పొద్దున అదే గంపలో చెయ్యి పెట్టాడు, రాయి కోసం వెతుకుతూ దీన్ని చూడలేదు.

అతనికి సిగ్గేసింది. నవ్విన ప్లీడరుకీ తనకీ తేడా ఏమిటో ఆలోచిస్తే ఖాకీ బట్టలు తప్ప ఇంకేం కనిపించలేదు. మైనం ఎవరికి కావాలి? వంటవాడికి అక్కర్లేదు. దొరకి అక్కర్లేదు. భాగవతుల గొంతుకి అక్కర్లేదు.

గడియారం చూశాడు. రెండూ నలభై.

మూడింటికి మళ్లీ శాస్త్రి వీణ. దైవాధీనం ఈసారి గుమ్మం దగ్గర నిలబడలేదు. వేదికకి కుడి పక్కన, వీణ తీగల కింది ఇత్తడి మెట్లు కనిపించేచోట కూర్చున్నాడు. పోలీసువాడికి సంగీతమెందుకో అని వెనక వరసలో ఎవరో గొణిగారు.

పొద్దున్న కల్యాణి చాలా బాగుంది, మళ్లీ అదే వాయించమన్నాడు సర్వేశ్వరరావు. కల్యాణి అన్న పేరొక్కటే ఆయనకు గుర్తుండిపోయింది. ఒకసారి వాయించింది మళ్లీ వాయించనన్నాడు శాస్త్రి. హిందోళం ఎత్తుకున్నాడు. ఆ తర్వాత శ్రీరంజని. నలభై తలలూ గంగిరెద్దుల్లా ఊగాయి.

దైవాధీనం నోట్‌బుక్కులో రెండు పేర్లూ రాసుకున్నాడు. రెంటి కిందా గీత గీశాడు. హిందోళంలో పంచమం, అంటే 'ప' స్వరం, లేదు. శ్రీరంజనిలోనూ లేదు.

నాలుగూ ఇరవైకి మంగళం. మంగళం మధ్యమావతిలో పాడాలి, అది ఆచారం. మధ్యమావతికి పంచమం లేకపోతే కుదరదు.

దైవాధీనం శాస్త్రి ఎడమ చేతిని రెప్ప వేయకుండా చూశాడు. వేళ్లు మెట్ల మీద జారుతున్నాయి. పంచమం రావాల్సిన చోట వేలు ఏడో మెట్టు మీద వాలలేదు. దానికి ముందరి మెట్టు దగ్గరే ఆగి, తీగని పక్కకి లాగి, పంచమాన్ని పలికించింది. స్వరం వచ్చింది గాని వణుకుతూ వచ్చింది. ఒకసారి కాదు, వచ్చిన ప్రతిసారీ అంతే.

"ఆహా," అన్నాడు సర్వేశ్వరరావు దొర వైపు తిరిగి. "పంచమానికి కూడా గమకం పెట్టాడండీ. ఎవరి తరం?"

"భేష్," అన్నారు నలభై మంది.

దైవాధీనానికి నవ్వొచ్చింది. ఈసారి నవ్వినందుకు బాధపడలేదు.

నాలుగున్నర. దొర దండలు వేయడానికి లేస్తున్నాడు. దైవాధీనం వేదిక ఎక్కి వీణ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. దణ్ణం పెడుతున్నాడని అందరూ అనుకున్నారు. అతను చాప అంచు చూస్తున్నాడు. అక్కడ నుంచి సన్నటి నల్లటి బారు వీణ దండి మీదికి ఎక్కుతోంది. ఏడో మెట్టు దగ్గర ఆగిపోతోంది.

అతను లేచి దొరకి సెల్యూట్ కొట్టాడు. అయిదు నిమిషాలు కావాలన్నాడు. భాగవతుల్ని వేదిక దగ్గరికి పిలిపించాడు. సోంబరుని గుంజ నుంచి విప్పి తీసుకురమ్మన్నాడు. తర్వాత శాస్త్రి వైపు తిరిగాడు.

"శాస్త్రి గారూ, ఒక్క స్వరం వాయించాలి. పంచమం. ఏడో మెట్టు మీద వేలుంచి, తీగ లాగకుండా."

"నీకెందుకు?"

"నేర్చుకుందామని."

శాస్త్రి ఎడమ చేయి ఒళ్లోంచి లేవలేదు.

"ఏమిటీ పిచ్చి?" అన్నాడు సర్వేశ్వరరావు. "ఆయన గమకం నీకు తెలియకపోతే..."

"షడ్జమానికీ పంచమానికీ గమకం ఉండదండి. అవి కదలని స్వరాలు. పాఠానికొచ్చిన మొదటి నెలలోనే పంతులు చెప్పాడు. మీరు నలభై మందీ ఇందాక భేష్ అన్నది ఊడిపోతున్న మెట్టుని."

షామియానాలో కుర్చీలు కిర్రుమన్నాయి.

దైవాధీనం దొరకి అర్థమయ్యేలా మెల్లగా చెప్పాడు. వీణకి ఇరవై నాలుగు ఇత్తడి మెట్లు. వాటిని నిలబెట్టేది మసి కలిపిన తేనెమైనం. మెట్టు కదిలితే ఏ వైణికుడైనా ఏం చేస్తాడు? దీపం తెప్పిస్తాడు, మైనం వేడి చేసి ఒత్తుకుంటాడు. అందుకు సిగ్గుపడక్కర్లేదు. ఈయన దీపం అడగలేదు. పంచమం లేని రాగాలు వెతుక్కున్నాడు. మంగళంలో తప్పించుకోలేక తీగ లాగాడు. మెట్టు కదులుతోందని ఆయనకు ముందే తెలుసు. ఎవరికీ తెలియకూడదనీ తెలుసు.

"పదింపావుకి ఉంగరం తీశారు. గదిలో రాయి ఊడదీశారు. ఏడో మెట్టు కింద మైనం తవ్వి అందులో పెడదామనుకున్నారు. కింద విజయనగరంలో అయితే ఆ మైనమే మెత్తబడి మళ్లీ కప్పేసేది. ఇక్కడి చలికి అది పెళుసెక్కి పొడయిపోయింది. కొత్త మైనం కావాలి. పెరట్లో గంప ఉంది. మనిషి గెడ్డకెళ్లాడు. గుప్పెడు గిల్లుకుని, ఉంగరం చట్రం ఆకుల కింద పడేసి వచ్చారు. సెమ్మె మసి కలిపి మెట్టు నిలబెట్టారు. రంగు కలిసింది. తేనె వాసన మీకు తెలియలేదు, చీమలకి తెలిసింది. శుద్ధి చేసిన మైనానికి చీమలు పట్టవు. ఈ బంగళాలో తేనె దిగని మైనం ఒక్క గంపలోనే ఉంది. గంప పెరటి మెట్టు మీద ఉంది. రాయి ఈ మెట్టు కింద ఉంది."

అతను బొటనవేలితో ఏడో మెట్టుని తోశాడు. అది పక్కకి ఒరిగింది. కింద నల్లటి మైనంలోకి గోరు దించాడు. శనగగింజంత రాయి మసి పూసుకుని బయటికొచ్చింది.

శాస్త్రి తల దించుకోలేదు. అది ఆయన వల్ల అయ్యే పని కాదు.

"నిన్ననే ఈ రావు భాగవతులకి మాటిచ్చేశాడు, ఉంగరం నీదేనని. ఒక్క స్వరం వినకుండానే. నేను తలుపవతల నుంచి విన్నాను. ఆ రాయి న్యాయంగా నా విద్యది. వినడం చేతకాని వాడు ఇస్తాడా, ఇవ్వడా అని చేయి చాపి నిలబడమంటావా? నా హక్కు నేను తీసుకున్నాను."

సర్వేశ్వరరావు భాగవతుల వైపు చూశాడు. భాగవతులు తన కండువా అంచు చూసుకున్నాడు.

"సరే. రాయి తీసుకోవడం హక్కే అనుకుందాం," అన్నాడు దైవాధీనం. "చట్రం సోంబరు గంపలో వేయడం ఏ రాగంలోదండీ?"

శాస్త్రికి ఆ ప్రశ్నే అర్థమైనట్టు లేదు. గంప ఎవరిదన్న ఆలోచన ఆయనకు పొద్దుట్నుంచీ ఒక్కసారీ వచ్చి ఉండదు.

సర్వేశ్వరరావు దైవాధీనాన్ని పక్కకి లాగాడు. విద్వాంసుడు, పెద్దకుటుంబం, రాయి దొరికింది కదా, పోనీ రాయి తనంతట తనే దొరికిందని రాసుకుందాం, ఈ సంగతి మద్రాసు దాకా పోతే పరువేం కావాలి అని గొంతు తగ్గించి బతిమాలాడు. ఇన్‌స్పెక్టరు గారూ అని మూడుసార్లు అన్నాడు. పొద్దుట్నుంచీ ఆ 'గారు' ఎక్కడ దాచాడో తెలియదు.

"మీకో సంగతి చెప్పనా," అన్నాడు దైవాధీనం. "మద్రాసులో అయితే కాపలావాణ్ణి గొడుగు పట్టడానికి పంపరు."

అయిదింటికి కారు కదిలింది. వెనక లారీలో ఒకడికి చోటు ఉండనే ఉంది. అందులో కూర్మనాథశాస్త్రి భీమన్న పక్కన శాలువా కప్పుకుని కూర్చున్నాడు. వీణ సాక్ష్యం కింద స్టేషనుకి వెళ్లింది.

రసికులు మంచు దిగకముందే ఘాట్ దిగాలని బళ్ల కోసం కొట్టుకుంటున్నారు. సోంబరు కట్టుతాళ్ల గుర్తులు రుద్దుకుంటూ ఇంకా వేదిక దగ్గరే నిలబడి ఉన్నాడు. యర్రమ్మ గంప నెత్తినెత్తుకుని, బేగి నడువు అని మొగుణ్ణి తొందరపెడుతోంది.

"ఇంకేం కావాలి సోంబరూ? వెళ్లొచ్చు నువ్వు," అన్నాడు దైవాధీనం.

"నా మైనం దొరికిందన్నావు గదా బాబూ."

దైవాధీనం జేబులోంచి చేతిరుమాలు తీశాడు. ఏడో మెట్టు కింద నుంచి గోకిన ముద్ద అందులో ఉంది. రెండు చేతులతో అందించాడు. పొద్దున్న నవ్వినందుకు తప్పయిందని చెప్పాలనుకున్నాడు. చెప్పాడు కూడా, చిన్నగా.

సోంబరు ఆ మాట విన్నాడో లేదో. ముద్దని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. వేళ్లతో నలిపి చూశాడు. వేళ్లు నల్లబడ్డాయి. వేదిక మీది పట్టు తివాసీ కేసి, వెండి పళ్లెం కేసి, దండలు చేత్తో పట్టుకుని ఎవరికి వేయాలో తెలియక నిలబడ్డ సర్వేశ్వరరావు కేసి చూశాడు.

"మాదే," అన్నాడు. "మసి కలిపీసి పాడుసేసినారు. ఇంక దేనికీ పనికిరాదు."

ముద్దని వెండి పళ్లెంలో పడేసి, పెళ్లాం వెనక నడిచిపోయాడు.